బోర్ చేయించిన ఇంజన్‌లో కూలెంట్ తగ్గిపోతుంటే, హెడ్ ఊడదీసే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ఇది: 2008 వ్యాగన్ ఆర్ పెట్రోల్, గుంటూరులో ఇంజన్ దించి బోర్ చేపిచ్చారు (అరిగిన సిలిండర్ల లోపలి గోడలు కోసి సాపు చేయడం), పిస్టన్లు రింగులు కొత్తవి, హెడ్ (ఇంజన్ పై భాగం) ఫేసింగ్, అంటే ముఖం చదును చేయడం కూడా అయింది, ఇప్పటికి 1200 కిలోమీటర్లు తిరిగింది. రెండు రోజులకోసారి రేడియేటర్‌కి కలిపి ఉండే డబ్బాలో పావు లీటరు దాకా కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం తగ్గుతోంది, నేల మీద చుక్క కనపడట్లేదు, బానెట్ ఎత్తితే తియ్యటి వాసన, సైలెన్సర్‌లో తెల్ల పొగ లేదు. ఒకాయన హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య వేసే సీలు) పోయింది మళ్ళీ ఊడదీయాలి అన్నాడు, ఇంకొకాయన లీక్ పౌడర్ పోసేయండి ఆగిపోద్ది అన్నాడు. ఎవరి మాట వినాలి అని.

ఇప్పుడే ఇద్దరి మాటా వినొద్దు బ్రదర్. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ప్రెజర్ టెస్ట్, అంటే రేడియేటర్‌లోకి గాలి కొట్టి లీకు చూసే టెస్ట్ చేపియ్యండి, అది అయ్యేదాకా హెడ్ బోల్టు ఒక్కటి కూడా కదపనియ్యొద్దు. మీరు చెప్పిన లక్షణాల్ని బట్టి ఇది బయట లీకే అయి ఉండే అవకాశం ఎక్కువ, అంటే నీళ్ళ పంపు దగ్గరో, దాని వెనక ఇనప పైపు ఓ-రింగ్ (రబ్బరు రింగు సీలు) దగ్గరో, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే వాల్వు) హౌసింగ్ దగ్గరో, లేదా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్ళే గొట్టాల భాగం) గ్యాస్కెట్ దగ్గరో. హెడ్ గ్యాస్కెట్ కాదని నేను ఇక్కడ కూర్చుని గ్యారంటీ ఇవ్వలేను కానీ, సాక్ష్యం లేకుండా హెడ్ దించితే మాత్రం డబ్బులు పోతాయి, లీకు అట్టాగే ఉంటది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళ పైబడి ఇంజన్ పని చేస్తున్నా, ఎక్కువగా మారుతి బళ్ళే. బోర్ అయిన బండి కూలెంట్ తాగుతోందని నా దగ్గరికి వచ్చిన వాటిల్లో చాలావరకు హెడ్ కింద ఏ తప్పూ లేదు. తప్పంతా ఇంజన్ ఎక్కించేటప్పుడు పక్కన పెట్టి మళ్ళీ బిగించిన చిన్న సామాన్లలో ఉంటది. ఇంజన్ లోపల పనికి అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు, పిస్టన్ గ్యాపులు కొలుస్తారు, బేరింగులు చూస్తారు. ఆఖరి రోజు సాయంత్రం బండి ఇచ్చెయ్యాలన్న తొందరలో పాత హోస్ పైపులు, పాత క్లిప్పులు, గట్టిపడిపోయిన పాత ఓ-రింగులు అవే మళ్ళీ వేసేస్తారు. లీకు అక్కడే పుడతది.

బయట లీకు అని ఎందుకంటున్నానో చెప్తాను. తియ్యటి వాసన బానెట్ ఎత్తినప్పుడు వస్తోందన్నారు కదా, అంటే కూలెంట్ బయటికొచ్చి వేడి లోహం మీద పడి ఆరిపోతోంది. లోపలికి పోతే ఆ వాసన సైలెన్సర్ దగ్గర రావాలి. పైగా రెండు రోజులకి పావు లీటరు సిలిండర్‌లోకి పోతుంటే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ కొట్టుకోవాలి, ఒక సిలిండర్ సరిగ్గా పట్టదు, తెల్ల ఆవిరి కమ్ముకోవాలి. మీకు అవేవీ లేవు. నేల మీద చుక్క లేదు కాబట్టి బయట లీకు కాదు అని మెకానిక్ అన్నాడంటే ఆ లెక్క తప్పు, ఎందుకో కింద ఒక బండి సంగతి చెప్తా.

దానికంటే ముందు ఒక మాట. బోర్ అయిన కొత్తల్లో నీళ్ళు కొంచెం తగ్గడం ప్రతిసారీ లీకు కాదు. ఇంజన్ దించినప్పుడు నీళ్ళన్నీ తీసేస్తారు, మళ్ళీ నింపినప్పుడు హెడ్‌లోనూ హీటర్ పైపుల్లోనూ గాలి ఇరుక్కుంటది. రెండు మూడు సార్లు బాగా వేడెక్కి చల్లారితే ఆ గాలి బయటికొచ్చి లెవెల్ తగ్గిద్ది, నింపితే అక్కడితో ఆగిపోద్ది. మీది 1200 కిలోమీటర్లు అయ్యాక కూడా తగ్గుతోంది కాబట్టి ఇది గాలి కాదు, లీకే.

ఇంకోటి, మీరు డబ్బా ఒక్కటే చూస్తున్నారా, రేడియేటర్ మూత తీసి చూశారా? డబ్బాలో లెవెల్‌ని నమ్మొద్దు, చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి లోపల చూడండి. ఇంజన్ వేడెక్కినప్పుడు కూలెంట్ వ్యాకోచించి మూతలోని స్ప్రింగుని నెట్టుకుని డబ్బాలోకి పోతది, చల్లారాక మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు తెరుచుకుని డబ్బాలోంచి వెనక్కి లాక్కుంటది. ఆ చిన్న వాల్వు పట్టేసినా, డబ్బాకి పోయే సన్న పైపుకి పగులున్నా, వెనక్కి నీళ్ళకి బదులు గాలి లాగిద్ది. అప్పుడు డబ్బా నిండుగా ఉంటది, రేడియేటర్ ఖాళీ అవుతుంటది, బండాయన నిశ్చింతగా హైదరాబాద్ బయల్దేరతాడు. సూర్యాపేట దాటకుండానే హెడ్ వంగిన బళ్ళు చూశాను. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు. ఎగచిమ్మిందంటే మొహం కాలిపోద్ది, గుడ్డ అడ్డం పెట్టినా ఆగదు.

ఆ మూత సంగతి కూడా ఇక్కడే. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటది, అది బార్ లెక్కలో ప్రెజర్, సుమారు 13 పీఎస్ఐ, 16 పీఎస్ఐ అన్నమాట. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి, 0.9 మూత గట్టిగా పట్టుకుంటే 118 దగ్గర దాకా మరగవు, సగానికి సగం కూలెంట్ కలిపితే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు పైకి పోద్ది. మన బెజవాడ మే నెల ఎండలో 45 డిగ్రీల్లో, ఏసీ వేసుకుని బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడ్డ బండికి ఆ తేడాయే ప్రాణం. మూత రబ్బరు ఎండిపోతే ప్రెజర్ నిలవదు, నీళ్ళు డబ్బాలోకి పొంగి అక్కడి నుంచి రోడ్డు పాలవుతాయి, ఆగాక చూస్తే ఎక్కడా లీకు కనపడదు. బోర్ బిల్లులో మూత ఖరీదు ఒక లెక్క కాదు, అదే అంకె ఉన్న కొత్తది ముందు వేసేయండి. ఎక్కువ అంకె ఉన్నది వేస్తే ఇంకా మంచిదని కొందరు వేస్తారు, వద్దు, పాత రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచు దగ్గర చీలిపోద్ది.

ఇప్పుడు ప్రెజర్ టెస్ట్. రేడియేటర్ మూత చోట బిగించే చేతి పంపు, దానికో గేజ్. ఆటోనగర్‌లో రేడియేటర్ షాపుల దగ్గర ఉంటది, గుంటూరులో కూడా రేడియేటర్ పని చేసేవాళ్ళని అడగండి, దొరుకుద్ది. మా చిన్నప్పుడు టెస్టర్ కొనే స్తోమత లేక పాత మూత మధ్యలో రంధ్రం వేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి, డబ్బా పైపుని క్లిప్పుతో నొక్కి మూసి, కాలి పంపుతో గాలి కొట్టేవాళ్ళం, అదీ పనిచేసిద్ది. కానీ టైరు షాపు కంప్రెసర్ గొట్టం మాత్రం పెట్టొద్దు, రేడియేటరూ హీటరూ రెండూ పగుల్తాయి. మూత మీద ఎంత ఉందో అంతవరకే కొట్టాలి.

బండి రాత్రంతా నిలబడి ఉండాలి, పొద్దున్నే స్టార్ట్ చేయకుండా పెట్టాలి. 13 దాకా కొట్టి పావుగంట వదిలేయండి. ముల్లు కదలకపోతే చల్లటి లీకు లేనట్టే. దిగితే టార్చ్, చిన్న అద్దం తీసుకుని వెతుకులాట మొదలు.

చల్లగా ఎందుకంటే, అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తది. వేడిలో సందులు మూసుకుపోయి, చల్లారినప్పుడు తెరుచుకునే లీకులు చాలా ఉంటాయి, క్లిప్పుల దగ్గరా ఓ-రింగుల దగ్గరా మరీను. బండి ఆపాక చల్లారే ఆ గంటలో లోపల ఇంకా కాస్త ప్రెజర్ ఉంటది, సందు తెరుచుకుంటది, నాలుగు చుక్కలు కారతాయి. పొద్దున స్టార్ట్ చేశాక మొదటి ఐదు నిమిషాలు కూడా అంతే. మెకానిక్ దగ్గరికి మీరు నడుపుకుంటూ పోయేసరికి ఇంజన్ వేడిగా ఉంటది, ఆయన బానెట్ ఎత్తి చూస్తే అంతా పొడిగా ఉంటది, ఇక ఆయన చెయ్యి హెడ్ గ్యాస్కెట్ వైపే చూపిద్ది.

తెనాలి నుంచి వచ్చిన వ్యాగన్ ఆర్ ఒకటి సరిగ్గా మీ కేసే. బోర్ వేరేచోట అయింది, కూలెంట్ తగ్గుతోందని అప్పటికే రెండుసార్లు హెడ్ దించి గ్యాస్కెట్ మార్చారు, మూడోసారి నా దగ్గరికి తెచ్చారు. నేనూ మధ్యాహ్నం వేడి మీద చూసి ఏమీ పట్టుకోలేకపోయాను. రాత్రి ఎనిమిదింటికి 13 పీఎస్ఐ కొట్టి షెడ్డు మూసి వెళ్ళిపోయా, పొద్దున ఆరింటికి వచ్చి చూస్తే ముల్లు 4 మీద ఉంది. టార్చ్ వేసి పైనుంచి కిందకి వెతుక్కుంటూ వస్తే, నీళ్ళ పంపులోకి పోయే ఇనప పైపు మూతి కింద మినప గింజంత ఆకుపచ్చ చుక్క వేలాడుతోంది. అది పడలేదు, అట్టా పట్టుకునే ఉంది. దాని కింద బ్లాక్ మీద తెల్లటి చార ఒకటి సున్నం గీసినట్టు కిందిదాకా ఉంది. స్టార్ట్ చేశాను, నేను చూస్తుండగానే ఆ చుక్క చిన్నదై, ఆవిరై, ఆరు నిమిషాల్లో అక్కడ ఏమీ లేదు, వాసన మాత్రం మిగిలింది. పైపు లాగితే లోపల ఓ-రింగ్ పాతదే, చదునుగా అయిపోయి గోరుతో నొక్కితే బద్ద విరిగినట్టు విరిగింది. కొత్త ఓ-రింగ్ వేసి, పైపు మూతి తుప్పు ఎమరీ పేపర్‌తో తుడిచి బిగించాం. ఆ బండాయన రెండు హెడ్ గ్యాస్కెట్లకి, రెండుసార్లు లేబర్‌కి కట్టిన డబ్బు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకే చుక్క కోసం వెతకొద్దు, చార కోసం వెతకండి. కూలెంట్ ఆరితే రంగు మరక మిగిలిద్ది. కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసుంటే తెల్లగా ఉప్పు పేరుకుంటది, రేపల్లె బాపట్ల వైపు బళ్ళకైతే చెప్పక్కర్లేదు. చార పై కొస ఎక్కడుందో లీకు అక్కడ. తడి కింద కనపడ్డా గాలికి వెనక్కి కొట్టుకుపోయి ఉండొచ్చు, కాబట్టి ఎప్పుడూ అత్యంత పైనున్న తడి చోటు చూసుకోండి.

మీ బండిలో నేనైతే ఇట్టా చూసుకుంటూ పోతాను. ముందు పైన కింద హోస్ పైపులు. కంపెనీ నుంచి వచ్చే స్ప్రింగు క్లిప్పు రబ్బరు వదులైనా తనే పట్టు బిగించుకుంటది, మన షెడ్లలో అది తీసి స్క్రూ క్లిప్పు వేస్తారు, రబ్బరు అణిగాక అది వదులైపోద్ది. ఐదొందల కిలోమీటర్ల తర్వాత చల్లగా ఉన్నప్పుడు ఒకసారి బిగించాలి, అదీ చేత్తో సరిపడా, బలమంతా పెడితే పైపు తెగుద్ది. పైపు ఎక్కే అల్యూమినియం మూతి మీద గుంటలు పడుంటే ఎంత బిగించినా ఆగదు, ఆ ముక్క మార్చాల్సిందే.

తర్వాత థర్మోస్టాట్ హౌసింగ్. ఈ ఇంజన్లో థర్మోస్టాట్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదే కూర్చుంటది, మానిఫోల్డ్ లోపల నుంచి నీళ్ళు పోతాయి. కాబట్టి ఇన్‌టేక్ గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోకపోయినా కూలెంట్ పోద్ది, ఇది చాలామంది మర్చిపోయే చోటు. హెడ్ ఫేసింగ్ చేపిస్తారు కానీ మానిఫోల్డ్ ముఖం మీద స్కేలు పెట్టి చూసేవాళ్ళు తక్కువ. అది బయటికి కారితే వెనక వైపు కారుద్ది, పైనుంచి కనపడదు, అద్దం కావాలి. లోపలికి పోర్టులోకి, అంటే సిలిండర్‌కి గాలి పోయే దారిలోకి లాగితే మాత్రం హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే లక్షణాలు చూపిద్ది, జాగ్రత్త.

తర్వాత నీళ్ళ పంపు. పంపు బాడీకి కింద ఒక చిన్న రంధ్రం ఉంటది, లోపలి సీలు పోతే అక్కడి నుంచి కారాలనే పెట్టారు. అక్కడ తడి చార ఉంటే పంపు మార్చడమే, దానికి మందు లేదు. రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసిన పంపులు చూశాను, అట్టా మూస్తే నీళ్ళు బేరింగ్‌లోకి పోయి పంపు జామై బెల్టు తెంపుద్ది. బోర్ చేపిచ్చినప్పుడు పంపు కొత్తది వేశారా అని బిల్లు చూసుకోండి.

తర్వాత వెల్చ్ ప్లగ్‌లు, బ్లాక్ పక్కన గిన్నెల్లా కొట్టి ఉండే గుండ్రటి రేకు మూతలు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బోర్ అయిన ఇంజన్లకి ఇది ప్రత్యేకమైన రోగం. పాత ప్లగ్ లోపల తుప్పుతో తినేసి ఉంటది, కానీ ఆ తుప్పే అడ్డంగా ఉండి లీకు ఆపుతుంటది. లేత్ షాపులో బ్లాక్‌ని కాస్టిక్‌లో ఉడకబెట్టి కడిగేసరికి తుప్పు పోద్ది, సూది మొనంత రంధ్రం బయటపడ్డది. దించేముందు లేని లీకు ఎక్కించాక వచ్చిద్ది, ఓనరేమో మెకానిక్ పాడు చేశాడనుకుంటాడు. ఇంజన్ కింద ఉన్నప్పుడు అన్ని ప్లగ్‌లూ మార్చడానికి అయ్యే ఖర్చు ఎంతో కాదు, ఎక్కించాక గేర్‌బాక్స్ వైపు ఉన్నదాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఒక పాత పెట్రోల్ బండికి గేర్‌బాక్సు ఇంజనూ కలిసే చోటు నుంచి తడి వస్తుంటే ఆయిల్ సీలు అనుకుని రెండుసార్లు సీలు మార్చి పంపారు. నేను కాగితం పెట్టి అద్దుకుని చూస్తే జిడ్డు లేదు, వేళ్ళ మధ్య రుద్దితే జారుడుగా ఉండి తియ్యటి వాసన, అది కూలెంటు. ఫ్లైవీల్ వెనక ప్లగ్ అంచు దగ్గర తినేసింది. నోట్లో మాత్రం పెట్టుకుని చూడొద్దు, కూలెంట్ విషం. తియ్యగా ఉంటదని కుక్కలు నాకుతాయి, పిల్లలున్న ఇంట్లో డబ్బా కింద వదిలేయొద్దు, కారిన చోట నీళ్ళు పోసి కడగండి.

ఆఖరికి హీటర్. మన ఊళ్ళో హీటర్ ఎవరూ వాడరు కాబట్టి దాని సంగతి ఎవరికీ గుర్తురాదు. వాడినా వాడకపోయినా ఆ పైపులూ హీటర్ కాయిలూ నీళ్ళ దారిలోనివే, ఏళ్ళ తరబడి కదలని రబ్బరు పైపులు ఫైర్‌వాల్ దగ్గర పగుల్తాయి. కారు లోపల ముందు ఎడం సీటు దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. ఏసీ నీళ్ళు కూడా అక్కడే కారొచ్చు, కానీ ఏసీ నీళ్ళు జిగురుగా ఉండవు. లోపల నుంచి అద్దం మీద జిడ్డు పొగలా పడుతుంటే అనుమానం బలపడినట్టే.

ఇవన్నీ పొడిగా ఉండి ముల్లు మాత్రం దిగుతుంటే, అప్పుడు లోపల లీకు అనుకోవాలి. అప్పుడు కూడా హెడ్ తీయకుండానే తేల్చుకోవచ్చు. సిస్టమ్‌లో ప్రెజర్ రాత్రంతా ఉంచి, పొద్దున స్పార్క్ ప్లగ్‌లు నాలుగూ తీసి చూడండి. మూడు ప్లగ్‌లు గోధుమ రంగులో ఉండి ఒకటి కడిగినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు ఆ సిలిండర్లోకే పోతున్నాయి. ప్లగ్‌లు లేకుండా సెల్ఫ్ కొడితే ఆ రంధ్రం నుంచి తుంపర ఎగురుద్ది, మొహం పక్కకి పెట్టుకోండి. ఫోన్‌కి తగిలించే సన్న కెమెరాలు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి, అది దింపితే పిస్టన్ మీద తడి కూడా కనపడుద్ది.

గ్యాస్ లీకుకి ఇంకో గుర్తు. పొద్దున చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి పై హోస్ చేత్తో పట్టుకోండి. నీళ్ళు ఇంకా వేడెక్కనే లేదు, కానీ నిమిషం లోపే పైపు రాయిలా గట్టిపడిందంటే సిలిండర్లో మంట గ్యాస్ నీళ్ళలోకి వస్తోంది. రేడియేటర్ మూతి దగ్గర పెట్టి గ్యాస్ లాగే నీలం ద్రవం టెస్టు కూడా ఉంది, పెట్రోల్ బండికి గ్యాస్ తగిలితే పసుపు రంగుకి మారుద్ది. ఇందులో ఏదో ఒకటి తేలితేనే అప్పుడు హెడ్ దించండి.

ఆయిల్ మూత కింద తెల్లటి నురగ చూసి చాలామంది భయపడతారు. డిసెంబర్ జనవరిలో రోజుకి రెండు కిలోమీటర్లు తిరిగే బండికి అది ఊరికే చెమ్మతో కూడా పడుద్ది. డిప్‌స్టిక్ చూడండి, దాని మీద ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే నిజంగా నీళ్ళు కలిశాయి, ఇక బండి కదపొద్దు, కొత్త బేరింగులు పోతాయి. బోర్ కొట్టేటప్పుడు గోడ పల్చనైన చోట సూది రంధ్రం పడి నీళ్ళు సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగిన బ్లాక్ ఒకటి చూశాను, దానికి స్లీవ్ (సిలిండర్ లోపల తొడిగే గొట్టం) వేయడం తప్ప దారి లేదు. అరుదు, కానీ ఉంది.

హెడ్ దించాల్సే వస్తే ఈ సంగతులు దగ్గరుండి చూసుకోండి. హెడ్ ఒక్కటే కాదు, బ్లాక్ ముఖం కూడా స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి స్కేలు) పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకు బ్లేడ్లు) చూడాలి, పొడవునా, అడ్డంగా, ఐమూలగా. 0.05 మిల్లీమీటర్ బ్లేడు దూరితే ఫేసింగ్ కావాలి. హెడ్ ఫేసింగ్ చేసి బ్లాక్ వదిలేయడం వల్లే రెండోసారి గ్యాస్కెట్ పోద్ది. బోల్టు రంధ్రాల్లో నీళ్ళు, ఆయిల్ చుక్క కూడా ఉండకూడదు, గాలి కొట్టి గుడ్డతో తుడవాలి. ఇది నేను నేర్చుకున్నది నష్టపోయి. పని మొదలుపెట్టిన కొత్తల్లో రంధ్రం అడుగున కూలెంట్ ఉండగా బోల్టు బిగించాను, ద్రవం నలగదు కదా, టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా) క్లిక్కుమంది కానీ బోల్టు అసలు పట్టనేలేదు, ఇంకొంచెం తిప్పేసరికి రంధ్రం అంచున బ్లాక్ పగిలింది. ఆ బ్లాక్ నేనే కొనిచ్చాను. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతలుగా, కంపెనీ పుస్తకంలో ఉన్న టార్క్‌కి బిగించాలి. చేతి అంచనాతో బిగించేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఎంత అనుభవం ఉన్నా చెయ్యి పదింటికీ ఒకేలా బిగించలేదు.

గమ్ సంగతి. సిలికాన్ గమ్‌ని అగ్గిపుల్ల మందాన పూస్తే లోపలికి పొంగిన భాగం తెగి రేడియేటర్ సన్న గొట్టాల్లో ఇరుక్కుంటది. పల్చటి పొర చాలు, పేపర్ గ్యాస్కెట్ ఉన్నచోట చాలాసార్లు అదీ అక్కర్లేదు. పాత గమ్ పూర్తిగా గీకి, పెట్రోల్ గుడ్డతో జిడ్డు తుడిచి, బిగించాక గమ్ ప్యాకింగ్ మీద రాసినంత సేపు ఆరనివ్వాలి. పూసిన అరగంటకే నీళ్ళు పోస్తే అది పట్టదు.

లీక్ పౌడర్ గురించి అడిగారు. పోయొద్దు. లారీ డ్రైవర్లు దారిలో రేడియేటర్ కారితే పసుపు పోసి ఊరు చేరడం నేనూ చూశాను, అడవి మధ్యలో అది ప్రాణం కాపాడుద్ది. కానీ ఇంటి దగ్గర నిలబడ్డ బండికి, వేలు పోసి కొత్తగా చేపిచ్చిన ఇంజన్‌కి అది పోస్తే లీకున్న రంధ్రం ఏదో పౌడర్‌కి తెలియదు, సన్నగా ఉన్న దారులన్నీ మూసేస్తది. శివరాత్రికి కోటప్పకొండ పోతున్న కుటుంబం ఒకటి, పౌడర్ పోసిన బండి, ఐదుగురు ఎక్కి ఏసీ వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే సగంలో ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటేసింది. నా దగ్గరికి లాక్కొచ్చాక రేడియేటర్ విప్పితే గొట్టాలు సగం పైన బురద, హీటర్ పూర్తిగా మూసుకుపోయింది, హెడ్ వంగింది. అసలు లీకు చూస్తే కింద హోస్ క్లిప్పు.

అలాగే వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసేయనియ్యొద్దు. అది లేకపోతే నీళ్ళు రేడియేటర్లో చల్లారే తీరిక లేకుండా తిరుగుతాయని కొందరంటారు, అది కాదు అసలు నష్టం. ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుద్ది, కొత్త రింగులు సరిగ్గా కూర్చోవు, ఆయిల్‌లో చెమ్మ మిగిలిద్ది.

సరిచేశాక నింపడం. బోరు నీళ్ళు, మున్సిపాలిటీ నీళ్ళు వద్దు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం, లేదా ముందే కలిపిన డబ్బా. రంగుని బట్టి కలపొద్దు, రెండు రకాలు కలిస్తే జిగురు కట్టొచ్చు, పాతది మొత్తం తీసేయండి. బండి ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ నాబ్ పూర్తిగా వేడి మీద తిప్పి, మూత తీసి ఉంచి నెమ్మదిగా పోయండి. స్టార్ట్ చేసి ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉండాలి, మధ్యమధ్యలో పై హోస్ నొక్కుతుంటే బుడగలు వచ్చి లెవెల్ దిగుద్ది, మళ్ళీ పోయాలి. బుడగలు ఆగాక మూత వేసి, మళ్ళీ 13 కొట్టి పావుగంట ముల్లు చూడండి. ముల్లు నిలబడితేనే డబ్బులివ్వండి.

ఆ తర్వాత మంగళగిరి మీదుగా విజయవాడ దాకా ఒక ట్రిప్పు హైవే మీద నడపండి, ఇంటికొచ్చి రాత్రి చల్లారాక రేడియేటర్ లెవెల్ చూసి డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టండి. వారం రోజులు రోజూ పొద్దున అదే టైముకి చూడండి.

ప్రెజర్ టెస్ట్ పెట్టాక పావుగంటలో ముల్లు ఎంత దిగిందో, నాలుగు ప్లగ్‌లు ఏ రంగులో ఉన్నాయో చెప్పండి, బోర్ బిల్లులో పంపు, ఓ-రింగులు, వెల్చ్ ప్లగ్‌లు ఉన్నాయో లేదో కూడా చూసి చెప్పండి. దాన్ని బట్టి ముందు ఏ చోటు విప్పాలో నేను చెప్తాను.